అమ్మే ఇల్లు, చెప్పని లోపము

పాత ఇల్లు కొని, బాగుచేయించి, తిరిగి అమ్ముట కూడ వర్తకమే. అందులో లాభము తీసికొనుట తప్పు కాదు. అయితే కొనువాని కంటికి కనబడని లోపమును మనము చెప్పవలెనా, అక్కరలేదా అనునది ఆలోచింపదగిన ప్రశ్న.

గోడల సున్నము, తలుపుల రంగు ఎవరైనను చూడగలరు. నేలలోని సెప్టిక్ ట్యాంకు సంగతి వేరు. అందులో మడ్డి అడుగున దిగును. తెట్టు పైకి తేలును. నడిమి నీరు ఇంకుడు గోతిలోనికి పోయి మట్టిలో ఇంకును. రెండు మూడేండ్ల కొకసారి మడ్డి తీయించనిచో అది నీటితో కూడ కొట్టుకొనిపోయి, గోతి చుట్టునున్న మట్టి రంధ్రములను పూడ్చివేయును. అప్పుడు మరుగుదొడ్డిలో నీరు దిగదు, పెరడు చెమ్మగిల్లును, వాసన పుట్టును.

ఇట్టి ఇంటిని చూపుటకు ముందు లారీ పిలిపించి ట్యాంకును ఖాళీ చేయించినచో, అది మరల నిండువరకు కొన్నాళ్లు అంతయు సవ్యముగానే కనబడును. మడ్డి తీయించుట మంచి పనియే. కాని గోతి చెడినదని యెరిగి, ఆ కొన్నాళ్లలో రిజిస్ట్రీ ముగించుకొనుటకై తీయించినచో ఆ పనియే మోసమగును.

"చూచుకొనవలసినది కొనువాడు గదా! చెప్పినచో ధర తగ్గును" అని కొంద రందురు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, వేరొక ఒప్పందము లేనిచో, తాను ఎరిగినదియు, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేనిదియు అగు ముఖ్య లోపమును అమ్మువాడు చెప్పి తీరవలెను. ధర తగ్గునన్నది నిజమే. తగ్గునది మరమ్మతు ఖర్చు. ఆ సొమ్ము మొదటినుండియు మనది కాదు. దొంగ తూనికను, కల్తీ సరుకును అచౌర్య వ్రతమునకు అతిచారములుగా తత్త్వార్థసూత్రము లెక్కించినది. పాడైన గోతిపై కొత్త బండలు పరచి, మంచి ఇంటి ధర పుచ్చుకొనుట ఆ కోవలోనిదే.

మరమ్మతు చేయించువారు ఇంకొక సంగతి గమనింపవలెను. ఖర్చు కలిసివచ్చునని మనిషిని ట్యాంకులోనికి దింపరాదు. లోపలి విషవాయువు క్షణములలో ప్రాణము తీయగలదు. రక్షణ సామగ్రి లేకుండ దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మురుగు శుభ్రము చేయుచు మరణించినవారి కుటుంబమునకు 30 లక్షల రూపాయల పరిహార మియ్యవలెనని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించినది. ఎంత పరిహారమైనను పోయిన ప్రాణమును తేలేదు. అహింసను కులధర్మముగా చెప్పుకొనువారు యంత్రమునకగు ఖర్చును లెక్కలో ముందే వేసికొనవలెను.

కనుక ట్యాంకు ఎక్కడ ఉన్నది, ఎప్పుడు తీయించినది, ఏ లోపమున్నది ఒప్పంద పత్రములోనే వ్రాసి యిత్తము. లాభము కొంత తగ్గవచ్చును. కాని కొన్నవారు గృహప్రవేశమునకు పిలిచిననాడు ఆ ఇంటికి నిశ్చింతగా పోగలము.