రెండు వందల గడప దగ్గర

అమ్మలూ,

ప్లగ్గులో పెట్టుకునే చిన్న మీటరు కొనమంటావా అని అడిగావు. ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతోందో తెలిస్తే బిల్లు దానంతటదే తగ్గుతుందని నీ ఆశ. తెలియడం వరకూ నిజమే. తగ్గడం మాత్రం దాని చేతిలో లేదు. అయినా మెట్ల కింద గోడకి ఒక మీటరు ఇప్పటికే ఉంది కదా, దాని మొహం ఎప్పుడైనా చూశావా? బిల్లు కొట్టే అబ్బాయి నెలకోసారైనా చూస్తాడు. ముందు దానితో పరిచయం చేసుకో. చిన్న మీటరు సంగతి తర్వాత.

మీటర్ల వల్ల ఖర్చు తగ్గుతుందా అని దేశదేశాల్లో చాలామంది కొలిచి చూశారు. 2006లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు సారా డార్బీ అలాంటి పరిశీలనలన్నీ పోగేసి చూస్తే, వాడకం ఎప్పటికప్పుడు కళ్లకు కనపడే ఇళ్లలో 5 నుంచి 15 శాతం దాకా తగ్గిందని తేలింది. తర్వాత బ్రిటన్‌లో ఇంటింటికీ స్మార్ట్ మీటర్లు పెట్టడం మొదలుపెట్టాక లెక్క వేస్తే అది 3 శాతం చిల్లరే. ఎందుకంటావా? మొదట్లో ఆసక్తి ఉన్నవాళ్లు కోరి పెట్టించుకున్నారు. తర్వాత ఆసక్తి లేనివాళ్ల ఇళ్లకీ వచ్చాయి. చూసేవాడి ఇంట్లో తగ్గుతుంది, చూడనివాడి ఇంట్లో మీటరు గోడకి అలంకారం. అంతకుమించి ఇందులో మర్మం లేదని నేననుకుంటాను.

మన హైదరాబాదులో మాత్రం మీటరు చూడటానికి బ్రిటన్‌లో లేని కారణం ఒకటుంది. అది స్లాబు. 2022లో వచ్చిన టారిఫ్ లెక్కే చెబుతాను, కాగితం తీసుకుని వేసి చూడు. నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి యూనిట్ 3.40, రెండో వందకి 4.80. అంటే సరిగ్గా 200 దగ్గర ఆగితే 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటి 201 అయితే, పైన ఉన్న ఆ ఒక్కదానికే కొత్త రేటు కాదు, మొదటి నుంచీ లెక్క మారిపోతుంది. మొదటి 200కి 5.10 చొప్పున 1020, ఆ పైదానికి 7.70. కలిపితే దాదాపు 1028. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయల పైమాట! ఫిక్స్‌డ్ చార్జీలూ సుంకమూ వేరే. తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే ఆ గడప ఇంకా ఎత్తు. 2024 మార్చి నుంచి 200 లోపు వాళ్లకి సున్నా బిల్లు వస్తోంది, దాటితే మొత్తం కట్టుకోవాలి.

విజయవాడలో ఉన్న మీ అన్నయ్యకి ఈ బాధ లేదు. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ నుంచి స్లాబులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. 225 దాటితే ఆ పై యూనిట్లకే 6 రూపాయల నుంచి 8.75 అవుతుంది, కింద వాడినవి పాత రేటులోనే ఉంటాయి. అందుకే వాడు అంతా తేలిగ్గా తీసుకుంటాడు. వాడి మాట నీ ఇంటికి పనికిరాదు.

ఇప్పుడు నీ పని. బిల్లు తీసిన రోజు మీటరు మీద కేడబ్ల్యూహెచ్ అని ఉన్న అంకె చూసి, వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాయి. ఆ డబ్బాలో తేదీ, టైము, వోల్టేజీ అన్నీ వరసగా తిరుగుతుంటాయి, కంగారుపడకు. పదో రోజున మళ్లీ చూడు. 200 లోపు ఉండాలంటే రోజుకి ఆరున్నర యూనిట్లు మించకూడదు, కాబట్టి పది రోజులకి 65 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండు. 90 ఉంటే ఇంకా ఇరవై రోజులు చేతిలో ఉన్నాయి, సర్దుకోవచ్చు. చివరి రెండు రోజుల్లో చూసి లైట్లన్నీ ఆర్పి చీకట్లో కూర్చుంటే ఏం లాభం? చూడటంలో అసలు కిటుకు ఎప్పుడు చూశామన్నదే.

ఎండాకాలం ఏసీ వేశాక 200 లోపు సాధ్యం కాదు. అప్పుడు ఆ అంకె కోసం ఇంటిల్లిపాదీ చెమటలు కక్కనక్కర్లేదు. దాటేది ఖాయమని పదో రోజుకే తేలితే దాటనివ్వు.

ఏ వస్తువు ఎంత తాగుతోందో తెలియాలంటే డబ్బు పెట్టక్కర్లేదు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది చూడు. పక్కన 3200 ఇంప్ అని రాసి ఉంటే, ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. నిమిషంలో ఒక్కసారి మెరిస్తే దాదాపు 19 వాట్లు నడుస్తున్నట్టు. ఇంట్లో అన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచి నిమిషం లెక్కపెట్టు. ఎనిమిది సార్లు మెరిస్తే 150 వాట్లు. ఏసీ వేసి చూస్తే లెక్కపెట్టలేవు, ఎనభై దాకా పోతుంది. అల్లుడుగారికి ఇలాంటివి సరదా కదా, ఆ పని ఆయనకి అప్పగించు. మెయిన్ కట్టేశాక కూడా లైటు మెరుస్తూనే ఉంటే మాత్రం సరదా కాదు. మీటరన్నా పాడై ఉండాలి, నీ మెయిన్‌కి ముందు నుంచే ఎవరి తీగన్నా తగిలించి ఉండాలి. 1912కి ఫోన్ చెయ్యి.

ఇలా చూస్తే నీకే తెలుస్తుంది, బిల్లులో పెద్ద వాటా రెండు మూడు వస్తువులదే. గీజరు, ఏసీ, పాత ఫ్యాన్లు. పదిహేను లీటర్ల గీజరు ఒకసారి కాగడానికి సుమారు అర యూనిట్. అది పెద్ద ఖర్చేం కాదు. స్నానాలయ్యాక స్విచ్చి మరిచిపోతే నీళ్లు చల్లారడం, అది మళ్లీ కాచడం, రోజంతా ఇదే వరస. ఏసీ సంగతి, 2020 జనవరి నుంచి అమ్మే స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. దాన్ని 18కి దించి దుప్పటి కప్పుకుని పడుకోవడం ఏం ముచ్చటో నాకర్థం కాదు. మామూలు ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మారిస్తే నెలకి ఇరవై యూనిట్లు మిగులుతాయి. మీ హాల్లో ఫ్యాను అలాంటిదే. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు మేలుకునే ఉంటుంది. పది వాట్లు అనుకున్నా నెలకి ఏడు యూనిట్లు. దానికి విడిగా స్విచ్చి పెట్టించు.

మిక్సీ జోలికి పోకు. పచ్చడి పది నిమిషాలు రుబ్బితే అయ్యేది యూనిట్‌లో ఎనిమిదో వంతు. ఫోన్ చార్జర్ పీకమని ఇంట్లో వాళ్లని సతాయించకు, అందులో మిగిలేది రూపాయి కూడా కాదు, పోయేది మాత్రం మనశ్శాంతి.

ఎగ్జిబిషన్‌లో పవర్ సేవర్ అని ఒక పెట్టె అమ్ముతారు, ప్లగ్గులో పెడితే ముప్పై శాతం తగ్గుతుందంటారు. అందులో సాధారణంగా ఉండేది కెపాసిటరు. అది పవర్ ఫ్యాక్టర్‌ని కాస్త సరిచేస్తుందేమో గానీ, మన ఇళ్లకి బిల్లు వేసేది యూనిట్ల లెక్కన. పైసా తగ్గదు. పైగా దాని లైటుకి కూడా కరెంటు నీదే.

నీళ్ల మీటరు సంగతి వేరు, అక్కడ మీటరు ఉండటమే లాభం. హైదరాబాదులో నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల పథకం 2021 జనవరిలో మొదలైంది. విడి ఇళ్లకి అది దక్కాలంటే మీటరు ఉండాలి, పనిచేస్తూ ఉండాలి. మీ నీళ్ల మీటరు ఆగిపోయిందని చెప్పావు కదా, ఇంటి ఓనరుకి మర్యాదగా గుర్తు చెయ్యి. ఇంకో సంగతి, రాత్రి కుళాయిలన్నీ కట్టేసి పై ట్యాంకులో నీళ్ల మట్టం చూసి, తెల్లారి ఎవరూ నీళ్లు ముట్టకముందే మళ్లీ చూడు. రాత్రి మోటారు వెయ్యకపోతేనే ఈ లెక్క కుదురుతుంది. మట్టం దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. చాలా ఇళ్లలో దొంగ ఫ్లష్ ట్యాంకే. చప్పుడు చెయ్యకుండా కారిపోతుంటుంది.

చిన్న మీటరు కొనాలనే ఉంటే కొను, తప్పేం లేదు. వారం రోజులు ఫ్రిజ్‌కీ టీవీకీ పెట్టి చూసి, ఆ తర్వాత పక్కింటావిడకి ఇచ్చెయ్యి, ఆవిడా చూసుకుంటుంది. గీజరుకీ ఏసీకీ పెట్టేముందు అది 16 యాంపియర్లదో కాదో చూడు. చిన్నది పెడితే ప్లగ్గు కాలుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. అంకెలు చేతికొచ్చాక మనిషికి అజమాయిషీ బుద్ధి పుడుతుంది. మీ అత్తగారు మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకుంటే గంటకి ఎన్ని పైసలో నీకు తెలుస్తుంది, తెలిసినా నోటితో అనకు. పిల్లాడు రాత్రి లైటేసుకుని చదువుకుంటుంటే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ అది, వదిలెయ్యి.

గీజరు స్విచ్చి మరిచిపోయేది మీ మామగారేనని నువ్వు చెప్పకుండానే తెలిసింది. ఆయనతో నువ్వు మాట్లాడొద్దు. వచ్చే ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తున్నాం. మాటల మధ్యలో మా ఇంటి గీజరు గురించి నేనే ఎత్తుతాను. నువ్వు పదో రోజు రీడింగు రాసి ఉంచు.

మీ పెదనాన్న