పెరట్లో వాటాదారులు

మంగళవాడ

మనవరాలికి,

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదనీ, ఏ పనిమీదా మనసు నిలవడం లేదనీ మీ అమ్మ చెప్పింది. డాక్టరుకు చూపించుకున్నావట, మంచి పని. ఆయన రాసిన మందు మానొద్దు. దాంతోపాటు ఇంకొక పని చెబుతాను, మొక్కలు పెంచు. మీ బెంగళూరులోని మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్‌లోనే కోలుకుంటున్నవాళ్ళ చేత తోటపని చేయిస్తారు కాబట్టి, దీన్ని ముసలోడి చాదస్తమని కొట్టిపారెయ్యకు.

మన తాలూకా సంగతి నీకు తెలుసు. తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో సోలార్ పలకలు పరిచారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. వానను నమ్ముకుని శెనక్కాయ వేసి మునిగిపోయినోళ్ళకు అది చిన్న మాట కాదు, నేను తప్పు పట్టను. కానీ పొద్దున్నే లేచి చేనికాడికి పోయే పని లేకపోయాక కొందరికి దిగులు పట్టుకుంది. నీ ఉద్యోగమూ అట్లాంటిదేనేమో అనిపిస్తుంది నాకు. నెలకింత జీతం పడుతుంది గానీ, నువ్వు నీళ్ళు పొయ్యకపోతే వాడిపోయేది నీ ఇంట్లో ఒక్కటీ లేదు.

అందుకే మిద్దెమీద కుండీలో కరివేపాకు పెట్టు. కొన్నాళ్ళకు ఆకుమీద పిట్ట రెట్ట వేసినట్టు ఏదో కనబడుతుంది. అది పురుగు. మందు కొట్టొద్దు. పెరిగేకొద్దీ పచ్చగా మారి చిటికెన వేలంత అవుతుంది. పుల్లతో మెల్లగా తాకి చూడు, తలకాడినుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పొడిచి ఘాటు వాసన కొడుతుంది. అంత చిన్న ప్రాణికి ఎంత కోపమో! కొమ్మలు కొమ్మలే బోడి చేస్తుంది. చెయ్యనీ. చారులోకి ఆకు అంగట్లో కొనుక్కో. ఆ పురుగే సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది, నీకు థ్యాంక్స్ కూడా చెప్పదు.

చెట్టూచేమా మేలు చేస్తాయనడానికి సాక్ష్యం అడుగుతావేమో. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా ఆయన ఆస్పత్రి రికార్డులు తిరగేసి, కిటికీలోంచి చెట్లు కనబడిన రోగులు, ఇటుక గోడ కనబడినోళ్ళకంటే త్వరగా ఇంటికి పోయారనీ, నొప్పి మందులు తక్కువ వాడారనీ రాశాడు. చూసింది 46 మందినే, దానిమీద పెద్ద మేడ కట్టను. నాకు ఎక్కువ నమ్మకం వీరాపురం మీద. హిందూపురం అవతల చిలమత్తూరు మండలంలో ఉంది ఆ ఊరు. ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య చింతచెట్లమీద గూళ్ళు కడతాయి. సైబీరియా కొంగలంటారు గానీ అవి మన దేశపు పక్షులే. చెట్టుకింద రెట్టలు, చేపల కంపు. అయినా ఊరోళ్ళు వాటిని పురుడుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు, కొట్టనివ్వరు. ఆ ఓర్పు నేర్చుకోవలసింది. మనసు బాగుపడాలని తోట పెట్టుకుని పొద్దస్తమానం మనసు బాగుపడిందా అని తడుముకుంటే లాభం లేదు. వచ్చినదానికి దాని వాటా ఇచ్చెయ్యి, నీ సంగతి కాసేపు మరిచిపోతావు.

ఎండాకాలం రాకముందే వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టు. లోపల రెండు గులకరాళ్ళు వెయ్యి, తేనెటీగలు మునిగిపోకుండా వాలతాయి. నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి, లేకుంటే దోమలు పెరిగి డెంగ్యూ తెచ్చిపెడతాయి. ఊరికొచ్చేటప్పుడు ఆ పని పక్కింటోళ్ళకు అప్పజెప్పు. ఇన్నేళ్ళలో వాళ్ళ పేరు కూడా అడగలేదట కదా, ఆ వంకనైనా తలుపు తట్టు.

ఇట్లు,
తాత