తపస్సు మాను కింద

ఎండాకాలం వస్తే చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం మొదలవుతుంది. చాలా ఊళ్లలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం.

అర్జున తపస్సు నాడు ఊరంతా అక్కడే. ఎత్తయిన మాను నాటుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయల కోసం, విభూది కోసం. ఆ గడియలో ఆయన్ని నటుడని ఎవరంటారు? ఉత్సవం చివర్లో నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు, చుట్టూ గదతో భీముడు. తొడ విరిగాక, సాయంత్రం అగ్నిగుండం.

ఇలా కళ కోసం ఊరంతా కదలడం మన దగ్గరే కాదు. ఐర్లండ్‌లో మిల్‌టౌన్ మాల్బే అనే చిన్న ఊళ్లోనూ 1973లో మొదలైన సంగీత వేడుక ఏటా జూలైలో వీధులు నింపుతుంది. అక్కడ నేర్పడానికి తరగతులున్నాయి. మన వీధి నాటకం మాత్రం ఎక్కువగా తండ్రి వెనక కొడుకు నిలబడి నేర్చుకున్నదే.

నాటకానికి జనం ఎలాగూ వస్తారు. ఎండవేళ హరికథ చెప్పేవారి ముందే చాపలు ఖాళీ. ఈ ఏడు మీ పక్క ఊళ్లో భారతం ఎప్పుడో కనుక్కుని, మధ్యాహ్నమే వెళ్లండి.