దశార్ణభద్రుని ఊరేగింపు

భగవాన్ మహావీరస్వామి తన పురమునకు వేంచేసిరని వినినంతనే దశార్ణభద్ర మహారాజు మనస్సున భక్తితోపాటు మరియొక తలంపు మొలకెత్తినది. ఇంతవరకు ఎవ్వరును సేవింపని వైభవముతో రేపు స్వామిని సేవింపవలెను! తెల్లవారుసరికి వీథులన్నియు తోరణములతో నిండినవి. ఏనుగులు, గుఱ్ఱములు, రాణుల పల్లకీలు వెంటరాగా రాజు బయలుదేరెను. ఆ తలంపు నెరిగిన ఇంద్రుడు ఐరావతముతో దిగివచ్చెను. దాని దంతములపై కొలనులు, కొలనులలో తామరలు, తామరరేకులపై దేవనాట్యములు! రాజు తన ఊరేగింపును వెనుదిరిగి చూచుకొనెను. నూతిలోని కప్ప ఆ నూతినే సముద్రమనుకొన్నట్లున్నది.

పర్యూషణలో స్వామి జన్మవాచనమునాడు పదునాలుగు స్వప్నములకు బోలీ జరుగును. పాతలెక్క నేతి మణుగులలో. నెయ్యి మాత్రము ఎక్కడను కానరాదు. బోలీ చెడ్డదనరాదు, ఆలయముల జీర్ణోద్ధారణకు అది ఆధారము. కాని నూరు మణుగులతో ఆగదలచినవాడు, ఎదుట వియ్యంకుడు వినుచున్నాడని మూడువందలకు పాడినచో, ఆ రెండువందలు ఎవరికి సమర్పించినట్లు? పాడిన సొమ్ము దేవద్రవ్యము, తీర్చువరకు ఋణమే. అది తీర్చుటకు అంగడి మూలధనము తీయుదురు, గుమాస్తా జీతము ఆపుదురు. పాడలేని సాధర్మికుడు ఆనాడు ద్వారముకడనే కూర్చుండి, హారతి కాకమునుపే ఇల్లు చేరును. అతడు రాలేదని అడుగువారుండరు.

దశార్ణభద్రుడు ఇంద్రునిపై పాట పెంచలేదు. కిరీటము తీసి అక్కడనే దీక్ష గైకొనెను. ఇది తనకు సాధ్యము కాదని ఇంద్రుడు నమస్కరించెను.

అందరును దీక్ష గైకొనజాలరు. వాణిజ్యగ్రామపు ఆనందుడు గృహస్థుగనే నిలిచెను. నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారమున నాలుగు కోట్లు, ఇంటి సామగ్రిలో నాలుగు కోట్ల బంగారము. పదేసి వేల గోవుల మందలు నాలుగు. ఇక ఇంతకుమించి చేర్చనని స్వామి సన్నిధిని హద్దు పెట్టుకొనెను. అంతటితో ఆగక, ఒడలు తుడుచుకొను వస్త్రమొక్క రకము, పండ్లపుల్ల ఒక్క రకము, కట్టుటకు నూలుబట్టల జత, ఆభరణములలో చెవిపోగులును పేరు చెక్కిన ఉంగరమును మాత్రమే ఉంచుకొనెను. కోట్లకు అధిపతియై పండ్లపుల్లవరకు లెక్క కట్టుట వర్తకునికే చేతనగును!

ఇల్లు చేరి ఆనందుడు ఈ సంగతి మొదట భార్య శివనందకు చెప్పెను. ఆమె వెంటనే బండి కట్టించుకొని, స్వామి సన్నిధికి వెళ్లి, తానును శ్రావకవ్రతములు గైకొనెను.