నెలసరి లెక్క తప్పే ఏళ్లు

చీరాల దగ్గరి పేరాల చేనేత వాడల్లో గుంట మగ్గం ముందు కూర్చున్న నలభై అయిదేళ్ల ఆమెకు, ఫ్యాను తిరుగుతుండగానే ఛాతీ నుంచి మొహం దాకా సెగ పాకుతుంది. జాకెట్టు తడిసి ముద్దవుతుంది. జ్వరమేమో అనుకుంటుంది. ఆ వయసులో అది చాలాసార్లు జ్వరం కాదు, ముట్లు ఆగే ముందు వచ్చే మార్పు.

మొదట నెలసరి వారం రోజులు ముందుకో వెనక్కో జరుగుతుంది. తర్వాత రెండేసి నెలలు కనిపించదు. ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు ముదిరేది అప్పుడే. వరుసగా 12 నెలలు రాకపోతే ఆగినట్టు లెక్క. అందాకా గర్భం వచ్చే వీలుంది.

ముట్లు వాటంతట అవి ఆగేదాకా ఉండకుండా గర్భసంచే తీయించుకునేవాళ్లూ ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తంలో అది 3 శాతం చిల్లరే. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం. చాలామందికి అది మాత్రలతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనంతోనో అదుపులోకి వస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం ఏళ్ల తరబడి రావలసిన మార్పు ఒక్కసారే మీద పడుతుంది.

ఈ మార్పు నడిచే ఏళ్లలో గోడ క్యాలెండరు మీద నెలసరి తేదీలు చుట్టిపెట్టుకోవడం, సాయంత్రం కాఫీ మానడం, రాగిజావ, రోజూ నడక మేలు చేస్తాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి. పేరాల వాళ్లకు చీరాల ఏరియా ఆసుపత్రి దగ్గరే.