వికల్పం: తెనాలి దగ్గర చీలే దారి
తెనాలి జంక్షన్‌లో రైలుమార్గం చీలి, ఒక పాయ భావనారాయణ స్వామి కొలువైన బాపట్ల మీదుగా చెన్నై వైపు, మరొకటి సుమారు 34 కిలోమీటర్ల దూరంలోని కొస స్టేషన్ రేపల్లెకు సాగుతాయి. రేపల్లె నుండి కృష్ణ దాటితే సుబ్రహ్మణ్యేశ్వరుడు లింగరూపంలో వెలసిన మోపిదేవి. ఒక్క పూటే తీరిక గల భక్తుడు ఒకదానిని ఎంచుకుంటే రెండవదానిని అనాదరించినట్లా? వైదిక వాక్యాల అర్థనిర్ణయమే పనిగా గల మీమాంసకులు ఇటువంటి చిక్కును వికల్పం, అనగా సమబలం గల రెండు విధులలో ఒకదానినే ఆచరించవలసి రావడం, అన్న పేరుతో చర్చించారు. యాగానికి వరిధాన్యమా, యవలా అన్నది వారి ప్రసిద్ధోదాహరణ. వరిని గ్రహించిన కర్త యవల వాక్యానికి ఉన్న ప్రామాణ్యాన్ని విడిచి, లేని అప్రామాణ్యాన్ని దానికి అంటగట్టినవాడవుతాడు. మరొకసారి యవలను గ్రహిస్తే విడిచినదానిని తిరిగి స్వీకరించి, అంటగట్టినదానిని తొలగించాలి. ఈ నాలుగు దోషాలే వరి వాక్యానికీ వర్తించగా మొత్తం ఎనిమిదవుతాయి. అందుకే గత్యంతరం లేనప్పుడే వారు వికల్పాన్ని అంగీకరించారు. యాత్ర మాత్రం సాధారణంగా కామ్యకర్మ, అంటే కోరిక గలవారే చేసేది, కనుక మానినందుకు ప్రత్యవాయం, అనగా విధి తప్పిన దోషం, అంటదు; మోపిదేవికి మొక్కుకున్నవారికైతే ఆ మొక్కే రేపల్లె బండి ఎక్కిస్తుంది.