తీతువు కూత

తీతువు కూసిన నశుభమని భయపడువారు మన యిండ్లలో నేటికిని కలరు. కూతకు కారణ మరసినచో నీ భయము నిలువదు. తీతువు పుల్లలతో గూడు కట్టదు. చెరువుగట్టుననో, ఉప్పుటేటి దాపుననో, బయటి నేలలో చిన్న గుంట చేసి, సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. మన్నువన్నె మచ్చలుగల యా గ్రుడ్లు మన కంటి కానవు. మన యడుగు వానిని సమీపించినపుడు తల్లిపక్షి యెగసి యఱచును. ఆ కూత మనకు రాబోవు కీడును చెప్పుట లేదు; మనవలన తన సంతతికి రాబోవు కీడును చెప్పుచున్నది.

ఇపుడు పక్షులను చూడ వేడుకపడువారు పెరిగిరి. మంచిదే. వలకు మాఱుగా దుర్భిణిని, తుపాకికి మాఱుగా కెమెరాను పట్టినవారిని మేము నిందింపము. కాని చంపనంతమాత్రమున హింస లేదనవచ్చునా? వేసవి మధ్యాహ్నమున తల్లిదండ్రులు మాఱిమాఱి గ్రుడ్లపై కూర్చుండుట వెచ్చదనమునకు కాదు, నీడకొఱకు. రొమ్ము యీకలను నీట తడిపివచ్చి వానిని చల్లబఱచును. చిత్రము తీయుటకై మనము నిలిచియున్నంతసేపు నవి తిరిగి రావు. ఎండకు గ్రుడ్డులోని ప్రాణము పోవును. లేదా పొంచియున్న కాకి వచ్చును. మన చేతికి నెత్తు రంటదు. చిత్రము మాత్రము చక్కగా వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను, గూళ్లను కలతపెట్టుటను వేటలోనే చేర్చినది. అది న్యాయమే.

చూడనిదే ప్రేమ యెట్లు కలుగునని కొంద ఱడుగుదురు. చూడవలదని మేము చెప్పుట లేదు. మన చూపునకు వెల చెల్లించుచున్న దెవరని మాత్ర మడుగుచున్నాము. పులికాటు సరస్సు చేరువనున్న నేలపట్టు 1976లో పక్షుల రక్షితకేంద్రమైనది. అచ్చట గూడబాతులు నీట నిలిచిన చెట్లపై పిల్లలను పెంచుచుండగా, దూరమున కావలిగోపురముపై నిలిచి తనివితీర చూడవచ్చును. దూరమువలన ఆనందము తఱుగదు.

సముద్రతీరమున టిట్టిభము పెట్టిన గ్రుడ్లను సముద్రుడు హరించెననియు, పక్షుల మొఱ గరుత్మంతుని చేరగా తిరిగి యిచ్చెననియు పంచతంత్రము చెప్పును. టిట్టిభమే మన తీతువు. సముద్రుడు తిరిగి యీయగలిగెను. మనము త్రొక్కిన గ్రుడ్డును మన మీయలేము.

కావున వేసవిలో పిల్లలను తీరమునకు కొనిపోవువారు వారికీ రెండు మాటలు నేర్పవలెను: తీతువు కూసిన వెంటనే వచ్చిన యడుగుజాడలలోనే మరలవలెను, గ్రుడ్లున్న తావును పదుగురికి చాటరాదు.